బైపీసీ నుంచి పాపులేషన్ బయాలజీ పీహెచ్‌డీకి: మొదటి రెండేళ్ల కోర్సులు చదివే పద్ధతి

అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు పాపులేషన్ బయాలజీ, ఎకాలజీ, ఎవల్యూషన్ మూడింటినీ కలిపి ఒకే పీహెచ్‌డీ ప్రోగ్రాంగా నడుపుతాయి. అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో అచ్చం ఈ మూడు పేర్లతోనే ఒక ప్రోగ్రాం ఉంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో పాపులేషన్ బయాలజీ పేరుతోనే ఉంది. మన దేశంలో బెంగళూరు ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ ఎకలాజికల్ సైన్సెస్ ఇదే దారిలో నడుస్తుంది. పేరు ఏదైనా మొదటి రెండేళ్లలో చదివేది ఇంచుమించు ఒకటే. జీవుల సంఖ్య ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తరుగుతుంది, జన్యువులు తరం నుంచి తరానికి ఎలా మారతాయి, జబ్బు ఊరంతా ఎలా పాకుతుంది, వీటన్నిటికీ లెక్క ఎలా కట్టాలి.

ఆ లెక్క అన్న మాట దగ్గరే మనవాళ్లు జంకుతారు. నేను ఇంటర్‌లో బైపీసీ. లెక్కలు పదో తరగతితో ఆగిపోయాయి. డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. పరీక్షకు వర్గాలు, లక్షణాలు, పటాలు కంఠస్థం చేసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. పీహెచ్‌డీలో చేరిన రెండో వారం ఇచ్చిన మొదటి ప్రాబ్లం సెట్‌లో అన్ని జవాబులూ సరిగానే రాశాను, సగం మార్కులే వచ్చాయి. ప్రతి జవాబు పక్కనా ఎర్ర ఇంకుతో ఒకటే ప్రశ్న: ‘నువ్వు ఏమేం అనుకుని ఈ సూత్రం వాడావు?’ ఆ ప్రశ్నే ఈ చదువు మొత్తానికీ తాళంచెవి అని అర్థం కావడానికి నాకు ఒక ఏడాది పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

పద్ధతి చెప్పాలంటే ఇంతే. ప్రతి మోడల్‌నీ ముందు చిన్న అంకెలతో చేత్తో కట్టండి. తర్వాత ఆ లెక్క వేటిని నిజమని అనుకుందో, వేటిని వదిలేసిందో రాయండి. ఆ తర్వాతే కంప్యూటర్, ఆ తర్వాతే పేపర్లు. ఈ వరస తప్పితే ఎంత చదివినా పైపైనే ఉంటుంది.

మొదటి మెట్టు: చేరడానికి ముందు రెండు నెలలు

క్లాసులు చాలాచోట్ల ఆగస్టులో మొదలవుతాయి. జూన్, జులై నెలలు మీ చేతిలో ఉంటాయి. ఆ రెండు నెలల్లో లెక్కల పుస్తకం మొత్తం చదవాలని కూర్చోకండి, సగంలో విసుగొస్తుంది. ఘాతాంకాలు, లాగరిథమ్స్, అవకలనం అంటే అసలు అర్థం, సంభావ్యత, మాత్రికల గుణకారం: ఈ అయిదూ చాలు. ఇంటర్ ఎంపీసీ తెలుగు అకాడమీ పుస్తకాలు పాతవి దొరికితే అవే తెచ్చుకోండి. అర్థం కాని చోట సొంత భాషలో ఒక్క వాక్యం చదివితే ముడి వీడిపోతుంది.

ఘాతీయ వృద్ధి మీకు తెలియనిది కాదు, చక్రవడ్డీయే. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, ఏ నెల వడ్డీ ఆ నెల అసలులో కలిపేస్తూ పోతే మూడేళ్లకు అప్పు రెట్టింపు దాటుతుంది. నెల నెలా వడ్డీ రేటు మారలేదు, అసలు మారింది. బాక్టీరియా అయినా, పొలంలో ఎలుకలైనా పెరిగేది ఇలాగే. మాల్థస్ 1798లో జనాభా గురించి చెప్పిన మాట కూడా ఇదే. డార్విన్ చేతికి ఆ పుస్తకం 1838లో అందింది. ప్రకృతి వరణం ఆలోచనకు కావలసిన ఊతం అక్కడే దొరికిందని ఆయనే రాసుకున్నాడు.

అవకలనం అంటే ‘ఈ క్షణంలో ఎంత వేగంగా మారుతోంది’ అన్న ప్రశ్నకు జవాబు. అంతకంటే లోతు మొదటి సెమిస్టర్‌కు అవసరం పడదు. అవకలన సమీకరణాన్ని సాధించడం కంటే చదవడం నేర్చుకోండి. ఎడమ పక్క మార్పు, కుడి పక్క ఆ మార్పుకు కారణాలు. కూడిక గుర్తు ఉంటే వచ్చేవాళ్లు, తీసివేత గుర్తు ఉంటే పోయేవాళ్లు. ఇంటి జమాఖర్చుల పుస్తకం లాంటిదే.

రెండో మెట్టు: ఒక చెరువు, వెయ్యి చేపలు

లాజిస్టిక్ సమీకరణాన్ని వెర్‌హుల్స్ట్ అనే బెల్జియం గణితవేత్త 1838లో రాశాడు. పాపులేషన్ ఎకాలజీ పాఠాలు చాలావరకు దీని దగ్గరే మొదలవుతాయి. దీన్ని బట్టీ పట్టకండి, ఒక చెరువు ఊహించుకోండి.

చెరువు గరిష్ఠంగా 1000 చేపలను పోషిస్తుంది అనుకుందాం. అడ్డేమీ లేకపోతే చేపలు ఏడాదికి 0.5 రేటున పెరుగుతాయి. సమీకరణం చెప్పేది ఇది: ఏడాదికి పెరుగుదల అంటే రేటు, చేపల సంఖ్య, ఇంకా మిగిలి ఉన్న చోటు, ఈ మూడింటి గుణకారం. చెరువులో 100 చేపలు ఉంటే మిగిలిన చోటు 0.9. పెరుగుదల 0.5 × 100 × 0.9, అంటే 45. చెరువులో 500 ఉంటే 0.5 × 500 × 0.5, అంటే 125. చెరువులో 900 ఉంటే 0.5 × 900 × 0.1, మళ్లీ 45. తక్కువ ఉన్నప్పుడు పిల్లలు పెట్టేవి తక్కువ, కిక్కిరిసినప్పుడు చోటు తక్కువ. సగం నిండిన చెరువే అన్నిటికంటే ఎక్కువ ఇస్తుంది.

ఇప్పుడు వల వెయ్యండి. 500 చేపలున్నప్పుడు ఏటా 125 పట్టుకుంటే పుట్టేదీ పోయేదీ సమానం. మరి 130 పడితే? మొదటి ఏడాది తగ్గేది అయిదు చేపలే, ఎవరికీ తెలియదు. రెండో ఏడాదీ అంతే. కానీ సంఖ్య 400కు దిగేసరికి పెరుగుదల 120, లోటు పది. 200కు దిగేసరికి పెరుగుదల 80, లోటు యాభై. కొన్నేళ్లపాటు కదలనట్టే ఉన్న లెక్క చివరికొచ్చేసరికి ఒక్కసారిగా కూలుతుంది.

జాగ్రత్తపడి 120 మాత్రమే పడదాం అనుకుంటే? చెరువులో 500 ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. కానీ ఒక ఏడాది వానలు లేక సంఖ్య 390కి పడిపోయిందనుకోండి. అప్పుడు పెరుగుదల 119కి కాస్త తక్కువ, పట్టేది 120. ఇక అక్కడి నుంచి కిందికే. 400 అన్నది కనబడని గట్టు. దానికి ఈవల ఉంటే నిలుస్తాం, ఆవలికి జారితే మునుగుతాం. ఈ లెక్కను కాగితం మీద చేసినరోజు నేను నిజంగా భయపడ్డాను. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర వందల ఏళ్లు పట్టిన కాడ్ చేపల వేట 1992లో ఆపేయాల్సి వచ్చింది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కదా, చేపలు గుడ్లు పెట్టే కాలంలో వల తీస్తే ఈ సమీకరణంలో ఏ భాగం మారుతుందో ఆలోచించి ఒక పేజీ రాయండి. మంచి అభ్యాసం అవుతుంది.

ఇప్పుడు అసలు పని. ఒక ఖాళీ కాగితం మీద ఈ మోడల్ ఏమేం అనుకుందో రాయండి. చేపలన్నీ ఒకటే అనుకుంది, పిల్లచేప, పెద్దచేప తేడా లేదు. చెరువు ఏటా ఒకేలా ఉంటుంది అనుకుంది. కిక్కిరిసిన ప్రభావం ఆ క్షణమే పనిచేస్తుంది అనుకుంది. వలసలు లేవు అనుకుంది. ఒక్కో ఊహనూ తీసేస్తూ పోతే వచ్చేవే తర్వాతి వారాల పాఠాలు. వయసు తేడా కలిపితే మాత్రికల పద్ధతి, రెండో జాతిని కలిపితే లోట్కా 1925లోనూ వోల్టెరా 1926లోనూ రాసిన సమీకరణాలు, చెరువులు చాలా ఉండి చేపలు అటూ ఇటూ తిరిగితే లెవిన్స్ 1969లో చెప్పిన మెటాపాపులేషన్. సిలబస్ మొత్తం ఈ ఒక్క కాగితంలోంచి మొలుస్తుంది. నా మొదటి సెమిస్టర్‌లో ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే పన్నెండు అధ్యాయాలను పన్నెండు వేర్వేరు పాఠాలుగా చదివి ఉండేదాన్ని కాదు.

ఇంకొకటి, ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో పది నిమిషాల్లో అయ్యే పని. 0.2తో మొదలుపెట్టండి. ఆ అంకె, 1లోంచి ఆ అంకెను తీసేయగా మిగిలినది, ఒక స్థిర సంఖ్య, ఈ మూడింటినీ గుణించండి. వచ్చిన జవాబుతో మళ్లీ అదే చేయండి. స్థిర సంఖ్య 2.8 అయితే కొన్ని అడుగుల్లో 0.643 దగ్గర స్థిరపడుతుంది. 3.2 అయితే 0.513, 0.799ల మధ్య ఊగుతూ ఉంటుంది. 3.9 అయితే ఏ వరసా లేకుండా ఎటు పడితే అటు పోతుంది. ఇంత చిన్న సూత్రంలోంచి ఇంత గందరగోళం పుడుతుందని రాబర్ట్ మే 1976లో రాసిన వ్యాసం ఈ రంగం చూపునే మార్చింది. పురుగుల సంఖ్య ఏటా ఎగిరిపడుతుంటే దానికి బయటి కారణమే ఉండాలన్న రూలు లేదు.

మూడో మెట్టు: చింతగింజలతో పాపులేషన్ జెనెటిక్స్

చాలామంది కష్టమనుకునే కోర్సు ఇదే. నాకు చివరికి అన్నిటికంటే ఇష్టమైనది కూడా ఇదే.

హార్డీ, వైన్‌బర్గ్ 1908లో విడివిడిగా చెప్పిన సూత్రం డిగ్రీలోనే చదివి ఉంటారు: పి² + 2పిక్యూ + క్యూ² = 1. ఒక జన్యువుకున్న వేర్వేరు రూపాల్లో ఒకదాన్ని, మన పుస్తకాల్లో యుగ్మవికల్పకం అని రాసేదాన్ని, క్లాసులో అల్లీల్ అంటారు. పి, క్యూ అంటే జనాభాలో ఆ రెండు రూపాల వంతులు. డిగ్రీలో దీన్ని ఫలితంగా చదివాం. ఇక్కడ దీన్ని కొలబద్దగా చదవాలి. ఏ శక్తీ పనిచేయకపోతే జనాభా ఇలా ఉంటుంది, ఇలా లేదంటే ఏదో పనిచేస్తోంది. ఆ ఏదో ఏమిటన్నదే కోర్సు.

జెనెటిక్ డ్రిఫ్ట్, అంటే కేవలం యాదృచ్ఛికంగా అల్లీళ్ల వంతులు మారిపోవడం, అర్థం కావాలంటే చేతిసంచీలో పది చింతగింజలు, పది శనగలు వెయ్యండి. చూడకుండా ఒకటి తీసి, అది ఏ గింజో రాసుకుని, మళ్లీ సంచీలో వేసి కలపండి. ఇలా ఇరవై సార్లు. పన్నెండు చింతగింజలు, ఎనిమిది శనగలు వచ్చాయనుకోండి. ఇప్పుడు సంచీలో పన్నెండు, ఎనిమిది ఉండేలా మార్చి మళ్లీ ఇరవై సార్లు తీయండి. ఒక్కో విడతా ఒక తరం. మా గదిలో నలుగురం నాలుగు సంచులతో కూర్చుని ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ఇదే చేశాం. ఒకరి సంచీలో పద్నాలుగో తరానికే శనగలు మాయమయ్యాయి. ఇంకొకరి సంచీలో ఇరవై అయిదు తరాలైనా రెండూ ఉన్నాయి. ఏ గింజా ఇంకోదానికంటే మెరుగు కాదు, గుడ్డి లెక్కే. అయినా ఒకటి గెలిచింది.

ఇప్పుడు పుస్తకం తెరవండి. పదిమంది ఉన్న జనాభాలో, అంటే ఇరవై జన్యు ప్రతులున్నచోట, సగటున తరానికి ఇరవయ్యో వంతు వైవిధ్యం పోతుందని ఉంటుంది. పది తరాలకు అరవై శాతం మిగులుతుంది. మీ చేతులకు ఆ విషయం అప్పటికే తెలుసు. పీటర్ బూరీ 1956లో ప్రచురించిన ప్రయోగంలో పండు ఈగల 107 చిన్న జనాభాలను, ఒక్కోదానిలో పదహారేసి ఈగలతో, పందొమ్మిది తరాలు పెంచి చేసింది ఇదే పని. జపాన్ జన్యుశాస్త్రవేత్త కిమురా 1968లో అణుస్థాయి మార్పుల్లో ఎక్కువ భాగం ఇలా గుడ్డి లెక్కగా జరిగేవేనని అన్నప్పుడు అంత గొడవ ఎందుకైందో కూడా అప్పుడే అర్థమవుతుంది.

అంతఃప్రజననం, అంటే దగ్గరి చుట్టాల మధ్య సంతానం, పాఠం వచ్చినప్పుడు క్లాసులో మిగతావాళ్లకు అది ఏ జూలోని జంతువుల ఉదాహరణో. మనకు అది చుట్టపక్కాల సంగతి. మేనరికం లెక్క చేసి చూడండి.

మేనమామ కొడుకును చేసుకున్న అమ్మాయిని తీసుకోండి. వేళ్లమీద లెక్కపెట్టండి: పెళ్లికూతురు, ఆమె తల్లి, తాత, మేనమామ, పెళ్లికొడుకు. అయిదుగురు. సగాన్ని అయిదుసార్లు గుణిస్తే 32లో ఒక వంతు. తాత వైపు నుంచి ఒక దారి, అమ్మమ్మ వైపు నుంచి ఒక దారి, రెండూ కలిపితే 16లో ఒక వంతు. పుట్టే బిడ్డ అంతఃప్రజనన గుణకం అది, అంటే బిడ్డలోని రెండు జన్యు ప్రతులూ ఒకే పూర్వీకుడి ప్రతి నుంచి వచ్చే అవకాశం. నేరుగా మేనమామనే చేసుకుంటే దారిలో నలుగురే, కాబట్టి 8లో ఒక వంతు.

ఒక అంతర్గత జబ్బుకు, అంటే రెండు ప్రతులూ ఉంటేనే బయటపడే జబ్బుకు, కారణమయ్యే అల్లీల్ నూటికి ఒకటి ఉందనుకుందాం. బంధుత్వం లేని పెళ్లిళ్లలో పదివేల మంది పిల్లల్లో ఒకరికి ఆ జబ్బు వస్తుంది. మేనరికంలో అదనంగా వచ్చేది గుణకం × పి × క్యూ, అంటే 0.0625 × 0.99 × 0.01. మొత్తం పదివేలకు ఏడుగురు. మేనమామ, మేనకోడలు పెళ్లిళ్లలో పదివేలకు పదమూడు మంది. మా ఇంట్లో రెండు తరాల మేనరికాలున్నాయి. ఈ లెక్క చేస్తూ నేను కాగితం మీద మా అమ్మమ్మ పేరు రాసుకున్నాను. ఆ రోజు నుంచి ఈ సూత్రం నాకు మరిచిపోవడం చేతకాలేదు.

ఇక్కడా అదే ప్రశ్న వేసుకోండి: ఏం వదిలేశాం? తాతకు, అమ్మమ్మకు మధ్య చుట్టరికం లేదని అనుకున్నాం. వాళ్లదీ మేనరికమే అయితే గుణకం పెరుగుతుంది. పదివేలకు ఏడు అన్నది మొత్తమ్మీద ఇంకా చిన్న సంఖ్యే అని కూడా గుర్తుంచుకోవాలి. ఎన్ని రెట్లు పెరిగింది, అసలు ఎంత ఉంది, ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. పరీక్షలోనూ బయటా ఈ తేడా చెప్పగలిగినవాళ్లు తక్కువ.

ప్రకృతి వరణం అధ్యాయంలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు తప్పకుండా వస్తుంది. ఒక్క ప్రతి ఉంటే మలేరియా నుంచి రక్షణ, రెండూ ఉంటే తీవ్రమైన రక్తహీనత. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ జబ్బుతో బతుకుతున్న కుటుంబాలున్నాయి. పుస్తకంలో ఆఫ్రికా పటం చూపిస్తారు, మీరు మన్యాన్ని కూడా గుర్తుచేసుకోండి. రక్తజబ్బులకూ మలేరియాకూ ముడిపెట్టి 1949లో ఆలోచించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆ హాల్డేన్ 1957లో ఇండియాకు వచ్చి ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఈ శాస్త్రానికి పునాది వేసిన ముగ్గురిలో ఒకరు మన పక్క రాష్ట్రంలో పనిచేశారన్న సంగతి నాకు అట్లాంటిక్ దాటాక తెలిసింది.

నాలుగో మెట్టు: సికింద్రాబాద్ దోమ

అంటువ్యాధుల ఎకాలజీ మన ఊరి కథతోనే మొదలవుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ పనికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. అందరికీ ఇక్కడిదాకే తెలుసు. తర్వాత ఆయన లెక్కలు మొదలుపెట్టాడు. దోమలన్నిటినీ చంపడం అసాధ్యమని అందరూ అంటుంటే, అన్నిటినీ చంపక్కర్లేదు, ఒక హద్దు కిందికి తెస్తే చాలు, మలేరియా దానంతటదే ఆగుతుందని సమీకరణాలతో చూపించాడు. ఈ కోర్సులో రోజూ వినబడే ఆర్‌నాట్ మూలం ఆ ఆలోచనే.

ఆర్‌నాట్ అంటే అందరికీ జబ్బు సోకే అవకాశం ఉన్న ఊళ్లో ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడన్న సంఖ్య. అది 4 అయితే నలుగురిలో ముగ్గురికి రక్షణ ఉంటే ఒకరికే అంటుతుంది, వ్యాప్తి అక్కడ ఆగుతుంది. 75 శాతం అన్న అంకె అలా వస్తుంది.

మలేరియా సూత్రంలో రెండు చోట్ల ఆగండి. మొదటిది, దోమ కాటు రేటు వర్గం (స్క్వేర్) రూపంలో ఉంటుంది, అంటే రెండుసార్లు గుణిస్తారు. రోగిని ఒకసారి, ఆరోగ్యవంతుణ్ణి ఒకసారి కుట్టాలి కాబట్టి. దోమతెర కట్టి కాట్లు సగం చేస్తే వ్యాప్తి పావు వంతుకు దిగుతుంది. రెండోది, పరాన్నజీవి దోమలో పండడానికి పది రోజులు అనుకోండి. రోజుకు 0.9 చొప్పున బతికే దోమల్లో పది రోజులు నిలిచేవి నూటికి ముప్పై అయిదు. ఆ 0.9ని 0.8 చేస్తే నూటికి పదకొండే. ముసలి దోమే ప్రమాదం. అందుకే ఇంటి గోడలకు మందు కొట్టడం అంత బాగా పనిచేస్తుందని జార్జ్ మక్‌డోనాల్డ్ 1950లలో చెప్పాడు. కెర్మాక్, మెకెండ్రిక్ 1927లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో అంటువ్యాధి పెరిగి తగ్గే తీరు చెప్పే తమ మోడల్‌ను పోల్చి చూసుకున్నది కూడా 1905-06 బొంబాయి ప్లేగు మరణాలతోనే. ఆ గీతలో ప్రతి చుక్కా వారంలో పోయిన మనుషులు. లెక్క చేసేటప్పుడు ఒక్క క్షణం అది గుర్తుచేసుకోండి.

అయిదో మెట్టు: స్టాటిస్టిక్స్, కోడింగ్

చేత్తో కట్టిన ప్రతి లెక్కనూ అదే వారం ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయండి. చెరువు లెక్క పది లైన్లు, చింతగింజల ఆట పదిహేను లైన్లు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదీ కొనక్కర్లేదు, ఆర్ ఉచితం. ఇతరుల కోడ్ కాపీ చేసి నడిపిస్తే నేర్చుకున్నట్టు అనిపిస్తుంది, నిజానికి నేర్చుకోరు. చేత్తో వచ్చిన 45, 125, 45 కంప్యూటర్‌లోనూ వచ్చాయా? వస్తే ముందుకు పొండి.

స్టాటిస్టిక్స్‌లో పరీక్షల పేర్ల కంటే ముందు రెండు సంగతులు పట్టుకోండి.

ఒక మామిడిచెట్టుకు మందు కొట్టి, ఇంకో చెట్టుకు కొట్టకుండా, ఒక్కోదాని నుంచి యాభై ఆకులు కోసి పోల్చారు. మీ శాంపిల్ నూరు కాదు, రెండు. ఆకులు యాభై అయినా చెట్టు ఒకటే. ఈ పొరపాటుకు హర్ల్‌బర్ట్ 1984లో సూడోరెప్లికేషన్ అని పేరుపెట్టాడు. ఎమ్మెస్సీలో నేను చేసిన ప్రాజెక్టు అచ్చం ఇలాంటిదే. దాన్ని చూసినవాళ్లెవరూ తప్పని చెప్పలేదు.

రెండోది, కనబడకపోవడానికీ లేకపోవడానికీ తేడా. కలివి కోడి కథ మీకు తెలిసే ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల అడవుల దగ్గర మళ్లీ కనబడింది. రాత్రిపూట తిరిగే పక్షి, ముళ్లపొదల మధ్య మనిషి చూపుకు అందదు. ఇసుక పరిచి అడుగుల గుర్తులు చూడడం, కెమెరాలు పెట్టడం లాంటి పద్ధతులతో వెతకాల్సి వచ్చింది. ఒక రాత్రి వెతికితే పక్షి ఉన్నచోట అది దొరికే అవకాశం 0.2 అనుకోండి. అయిదు రాత్రులు వెతికినా దొరకకపోయే అవకాశం 0.8ని అయిదుసార్లు గుణించినంత, అంటే 0.33. పక్షి అక్కడే ఉన్నా మూడింట ఒకసారి మీరు ‘లేదు’ అని రాసి వెళ్లిపోతారు. ఆ కాగితం చూసి అక్కడ కాలువ తవ్వొచ్చు. పది రాత్రులు వెతికితే ఆ తప్పు 0.11కు దిగుతుంది. ఆక్యుపెన్సీ మోడల్ అంటే ఈ లెక్కే, కొంచెం పెద్దదిగా.

ఆరో మెట్టు: పేపర్లు, సెమినార్ క్లాసు

వారానికి నాలుగైదు పేపర్లు ఇస్తారు. మొదటి పేజీ నుంచి చివరిదాకా వరసగా చదివితే తెల్లారిపోతుంది. ముందు బొమ్మలు, గ్రాఫులు చూడండి. ఒక్కో గ్రాఫ్ కింద ‘దీని వల్ల ఏం తెలిసింది’ అని తెలుగులోనే ఒక వాక్యం రాసుకోండి. నేను చివరిదాకా నోట్సు తెలుగులోనే రాసుకున్నాను. ఇంగ్లిష్ వాక్యాన్ని కాపీ చేసుకోవచ్చు, అర్థం కాకపోయినా. తెలుగులో రాయాలంటే అర్థమై తీరాలి. ఆ తర్వాత పద్ధతుల భాగానికి వెళ్లి, ఎన్ని చెట్లు, ఎన్ని ఆకులు అని వెతకండి.

క్లాసులో మాట్లాడండి. మనకు టీచరు చెప్తుంటే మధ్యలో అడగడం అమర్యాద అనిపిస్తుంది. ‘సర్’ అని పిలవకుండా పేరుపెట్టి పిలవమంటే నోరు రాదు. నేను మొదటి సెమిస్టర్ మొత్తం ఒక్క మాట మాట్లాడలేదు. చదవకుండా వస్తున్నానని అనుకున్నారు. మాట్లాడకపోవడాన్ని అక్కడ గౌరవంగా చూడరు. టెన్షన్ ఉంటే ముందురోజే ఒక ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్లి, క్లాసు మొదలైన పది నిమిషాల్లోపు అడిగేయండి. ఆలస్యమయ్యే కొద్దీ గొంతు బిగుస్తుంది. ఏం అడగాలో తోచకపోతే మన పాత ప్రశ్న ఉండనే ఉంది: ఈ మోడల్ ఏం అనుకుంది, అది నిజం కాకపోతే ఏమవుతుంది?

కోర్సుల ఎంపిక గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మొదటి సెమిస్టర్‌లో లెక్కలు ఎక్కువుండేవి రెండు కంటే ఎక్కువ తీసుకోకండి. పక్కనే టీఏ పని, అంటే డిగ్రీ పిల్లలకు పాఠాల్లో సాయం చేసే పని, ఉంటుంది, ఒక్కో ల్యాబ్‌లో కొన్నాళ్లు పనిచేసి చూసే రొటేషన్లు ఉంటాయి. చాలాచోట్ల బి గ్రేడ్ కంటే తక్కువ వస్తే ఇబ్బంది, ఎ వచ్చినా ఎవరూ అడగరు. ఫైలోజెనెటిక్స్ కోర్సు ఉంటే మాత్రం వదలకండి. మీరు ఏ జీవి మీద పనిచేసినా వంశవృక్షం చదవడం రావాలి. కొమ్మ చివర పక్కపక్కన రాసినంత మాత్రాన దగ్గరి చుట్టాలు కారు, ఎక్కడ కలిశారన్నదే చూడాలి. మన పెళ్లిళ్లలో వరసలు కలిపే పెద్దవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

ఏడో మెట్టు: క్వాలిఫైయింగ్ ఎగ్జామ్

పీహెచ్‌డీలో ముందుకు పోవడానికి పాసవ్వాల్సిన ఈ పరీక్ష సాధారణంగా రెండో ఏడాదిలో ఉంటుంది. నలుగురైదుగురు ప్రొఫెసర్ల కమిటీ, ఒక బోర్డు, ఒక మార్కర్, రెండు గంటలు. మీ పరిశోధన ప్రతిపాదనతో మొదలుపెట్టి ఎక్కడికైనా పోతారు.

ఆరు వారాల ముందు నుంచి రోజుకొక మోడల్‌ను నిలబడి, పుస్తకం లేకుండా, ఖాళీ బోర్డు మీద రాయండి. కూర్చుని చదివింది నిలబడితే గుర్తురాదు, నేను చూశాను. ప్రతి గుర్తునూ పైకి చెప్పండి: ఇది పుట్టేవాళ్లు, ఇది చచ్చేవాళ్లు, ఇది చోటు. తర్వాత పక్కన గీత గీసి ఊహలు రాయండి. స్నేహితులు ఇద్దరిని పిలిచి వారానికోసారి అడగమనండి. అందులో ఒకరు ఈ సబ్జెక్టు తెలియనివారై ఉంటే మరీ మంచిది.

కమిటీలోని ఒక్కొక్కరినీ నెలరోజుల ముందు కలిసి, ఏం చదవమంటారో అడగండి. అడిగితే తప్పుపట్టరు, చాలామంది జాబితా ఇస్తారు. వాళ్లు రాసిన పేపర్లు రెండేసి చదవండి.

తెలియని ప్రశ్న కచ్చితంగా వస్తుంది. తెలియదని ఊరుకోకండి, తెలిసినట్టు నటించకండి. ‘ఇది నాకు తెలియదు, కానీ కట్టి చూస్తాను’ అని బోర్డు దగ్గరకు వెళ్లి చిన్న అంకెలు తీసుకోండి. నా పరీక్షలో గంటన్నర దాటాక, ఒక దీవిలో రెండు జాతుల బల్లులు ఒకే తిండి తింటుంటే వాటిలో ఒకదానికి జబ్బు సోకితే ఏమవుతుందని అడిగారు. ఎప్పుడూ చదవలేదు. రెండు చెరువులు గీశాను. ఒక్కోదానిలో వంద అని రాశాను. ఒక దానిలోంచి పది తీసేశాను. అక్కడి నుంచి లెక్క దానంతటదే నడిచింది. ఇరవై నిమిషాల తర్వాత నన్ను బయట కూర్చోమన్నారు. చేతికి మార్కర్ ఇంకు అంటుకుని ఉంది. తుడుచుకుంటుండగానే తలుపు తెరుచుకుంది.